నిలిచే పుల్ల, తిరిగొచ్చే పుల్ల

జూన్ 3

తమ్ముడికి అక్క చెప్పి రాయించే ఉత్తరం.

క్షేమమా అని అడగను. మూడు నెలలుగా ఒక్క ముక్క రాయలేదంటే హాయిగానే ఉండి ఉంటావు. కష్టం వచ్చినప్పుడు కదా నేను గుర్తొచ్చేది నీకు! రాస్తున్నది నా కోడలు. అన్నది అన్నట్టు రాయమని ఒట్టు వేయించుకున్నాను. ఇందులో పుల్లవిరుపు మాట ఏదైనా తగిలితే అది నాదే, ఆ పిల్లని అనకు.

సంగతేమిటంటే, నాకు హెలికాప్టరు కావాలి. రిమోటుతో ఎగిరేది. మన పాత హెలికాప్టరు మూరకి పైనే పొడవుండేది, అంతది వద్దు. కింద దుకాణం వెనక గదిలో ఎగరేసుకునేంత చిన్నది చాలు. నిన్న కోడలు ఆఫీసు నుంచి వచ్చాక ఇద్దరం కలిసి బజార్లో బొమ్మల కొట్టుకి వెళ్ళాం. కొట్టతను చూసి, "మనవలకా అమ్మా?" అన్నాడు. "ఏం, నాకు చేతులు లేవా?" అన్నాను. పాపం, కుర్చీ వేశాడు.

మూడు రకాలు చూపించాడు. ఒకదానికి రెండంతస్తుల రెక్కలు, ఒకదాని మీద ఒకటి. చేయి వదిలేసినా దానంతట అదే నిలబడుతుందట. రెండోది ఒంటి రెక్కలది, జానెడు పొడవు, కోడిగుడ్డంత బరువు. పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ, పక్కలకీ, తోక తిప్పడానికీ అన్నీ మనమే చూసుకోవాలి. మూడోది మైదానానికి. నా మనసు రెండోదాని మీద ఉంది. రెక్క విరిగితే విడిగా దొరుకుతుందా, బ్యాటరీ ఎంతసేపు ఆగుతుంది, లోపల నిలకడకి పెట్టే ఆ గైరో మంచిదేనా, ఇవి నీకు తెలిసినట్టు నాకు తెలియవు. ఏది కొనాలో చెప్పు.

ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకు అంటావు. చెబుతాను. దుకాణంలో నా వైండింగ్ బల్ల తీసేసి అక్కడ అలమరా పెడతానంటున్నాడు నీ మేనల్లుడు. జూలై అయిదున వడ్రంగి వస్తాడట. ముప్ఫై ఏళ్ళు ఆ బల్ల మీద ఫ్యాన్లకీ పంపులకీ రాగి తీగ చుట్టినదాన్ని. నాకు అంకెలు రాయడం రాకపోయినా వందకో ముడి వేసుకుంటూ వేల చుట్లు చుట్టాను, ఒక్క మోటారు వెనక్కి రాలేదు. మైదానంలో హెలికాప్టరు కూలిన రోజునుంచి, "అమ్మ చేయి వణుకుతోంది" అని నన్ను ఆ బల్ల దగ్గరికి రానివ్వలేదు. తొమ్మిదేళ్ళు అయింది. మీ బావ ఆ మాట అన్నాడు, నువ్వు తల ఊపావు. మీ బావ పోయాడు, మాట మాత్రం ఇంట్లోనే ఉంది.

మొన్న గట్టిగా అడిగితే నీ మేనల్లుడు ఏమన్నాడో తెలుసా? "పక్కనే ఉండి చూసింది మామయ్య కదమ్మా. చేయి వణకలేదని మామయ్య అంటే నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. కాబట్టి నువ్వు చేయవలసినవి రెండు. హెలికాప్టరు ఏదో చెప్పడం. ఆ రోజు అక్క చేయి వణకలేదని వాడికి ఒక్క వాక్యం రాయడం.

చెప్పినది నీ అక్క. కింద నా వేలిముద్ర. చెదిరిందేమో చూసుకో.


జూన్ 9

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. ఒట్టు వేయించుకోకపోయినా అది నీ మాటే అని మొదటి వాక్యంలోనే తెలిసిపోయేది. నేను బాగానే ఉన్నాను. కంటికి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు కనబడుతున్నాయి కానీ సూది మొన కనబడటం లేదు. మా అమ్మాయి ఇంట్లో తలుపు గంట బాగుచేశాను. బాగానే మోగుతోంది. కాకపోతే పక్కింటివాళ్ళు లైటు వేసినప్పుడు కూడా మోగుతోంది. రోజుకి పదిసార్లు లేచి తలుపు తీస్తున్నాం. "నాన్నా, ఇక ఏదీ బాగుచేయకండి" అంటోంది అమ్మాయి.

హెలికాప్టరు సంగతి. చాలా కాలం తర్వాత మొదలుపెట్టేవాళ్ళకి ఎవరైనా చెప్పేది రెండంతస్తులదే. పై రెక్కలు ఒకవైపు తిరిగితే కింది రెక్కలు రెండోవైపు తిరుగుతాయి, అందుకని తోక గింజుకోదు. గదిలో గాలి ఉండదు కాబట్టి నిలబడుతుంది. రెక్కలు మెత్తగా ఉంటాయి, గోడకి తగిలినా విరగవు. ఒంటి రెక్కలది గైరో ఎంత మంచిదైనా ఒక్క క్షణం ఆదమరిస్తే పక్కకి పడుతుంది. దానికి వేళ్ళు చురుగ్గా ఉండాలి. నువ్వు చురుకైనదానివే, కాదనను. కానీ డెబ్బై ఒకటి డెబ్బై ఒకటే కదా అక్కా. పడిపోయినప్పుడల్లా వంగి తీయాలి, నడుము మాట కూడా చూసుకోవాలి.

మేనల్లుడికి రాయడం అంటావా, ఇంత వయసులో ఆ బల్ల దగ్గర కూర్చుని వార్నిష్ వాసన పీల్చుకోవడం ఎందుకు చెప్పు? వాడు నిన్ను సుఖంగా ఉండమంటున్నాడు. పాత సంగతులు తవ్వితే ఏం వస్తుంది? బావ మంచికే అన్నాడు.

అమ్మాయికి, అదే నీ కోడలికి, ఓపికగా రాస్తున్నందుకు నా ఆశీస్సులు.

నీ తమ్ముడు


జూన్ 13

తమ్ముడికి,

నీ కంటికి ఆపరేషన్ చేసిన డాక్టరు నాలుక కూడా కొంచెం కోసినట్టున్నాడు. అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు రాశావు. గంట గురించి పది వరసలు రాసే ఓపిక ఉంది, నా చేతి గురించి ఒక్క వరసకి లేదు!

రెండంతస్తులది నాకు వద్దు. దానంతట అది నిలబడేదాన్ని నేను నిలబెట్టానని ఎలా చెప్పుకోను? చేతికర్ర పట్టుకుని నడిచి పందెం గెలిచానన్నట్టు ఉంటుంది. ముందుకు పోనివ్వడం, చుట్టూ తిప్పడం ఎవరైనా చేస్తారు. గాల్లో ఒక్కచోట ఆపి ఉంచడమే విద్య. ఆగినట్టే ఉంటుంది కానీ రెండు బొటనవేళ్ళూ క్షణం ఊరుకోవు. వరస తప్పకుండా తీగ చుట్టడమూ అంతే. చూసేవాడికి చేయి కదలనట్టే ఉంటుంది. ఈ మాట నాకు నేర్పింది నువ్వే. మన మొదటి హెలికాప్టరు నా బల్ల మీదే కదా కట్టావు. దాని మోటారు నేనే కదా చుట్టాను. ఆరు నెలలయ్యేసరికి నీకంటే నేనే బాగా నిలబెడుతున్నానని మైదానంలో అందరికీ చెప్పుకున్నావు. మరిచిపోయావా?

(ఇక్కడ అత్తయ్య ఇంకో మాట అన్నారు బాబాయిగారూ. ఒట్టు ఉన్నా అది రాయలేకపోయాను. - కోడలు)

ఒంటి రెక్కలదే కొంటాను. ఒక్క సంగతి మాత్రం చెప్పు. రిమోటు మీద రెండు పుల్లల్లో ఒకటి ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది, అది లేపే పుల్ల. రెండోది వేలు తీయగానే నడిమికి తిరిగొస్తుంది. మనదాంట్లో నిలిచేది కుడిచేతి వైపు ఉండేది. కొట్టులో అడిగితే ఆ కుర్రాడికి తెలియలేదు. ఈ కొత్తవాటిలో నిలిచేది ఏ వైపు?

ఎందుకు అడుగుతున్నానంటే, ఆ రోజు నువ్వు, "కంట్లో దుమ్ము పడింది, అక్కా, పట్టు" అని ఎగురుతూ ఉండగా రిమోటు నా చేతిలో పెట్టావు. అది కొంచెం దిగింది. లేపుదామని కుడి పుల్ల తోశాను. ఆ పుల్ల నా వేలిని వెనక్కి తోసింది. దూడ తల్లి దగ్గరికి లాగినట్టు లాగింది. ఆ మాట అప్పుడే చెప్పాను, ఎవరూ వినలేదు. "వణుకుతున్న చేతికి అలాగే అనిపిస్తుంది" అన్నాడు మీ బావ. కొత్తదాంట్లో అలా ఉండకూడదు, అందుకే అడుగుతున్నాను.

వాడికి రాయవలసిన వాక్యం సంగతి మరవకు. వడ్రంగి మరవడు.

నీ అక్క. వేలిముద్ర ఇదిగో.


జూన్ 19

అక్కకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు ఎవరో ఏదో చెప్పారని అర్థమవుతోంది. మైదానానికి వచ్చే ఆ కళ్ళజోడాయన కలిశాడా? ఆయన మాటలు నమ్మకు. ఆయనకి ప్రతి విషయంలో వేలు పెట్టడం అలవాటు. ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు పుల్లలు లెక్కపెట్టి నన్ను బోనులో నిలబెట్టడం నీకు న్యాయంగా ఉందా? నేనేమీ కావాలని చేయలేదు. నీకు మంచి జరగాలనే ఎప్పుడూ అనుకున్నాను.

నువ్వు కొట్టుకి వెళ్ళకు. నేనే ఇక్కడ ఒకటి కొని పార్సెలు చేశాను. రెండంతస్తులదే. కోప్పడకు. మంచి రకం. ఒకసారి ఎగరేసి చూడు, మనసు కుదుటపడుతుంది. మిగతా విషయాలు మనం కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

గంట తీసేశారు. ఇప్పుడు తలుపు తడుతున్నారు, నాకు వినబడటం లేదు.

నీ తమ్ముడు


జూన్ 24

తమ్ముడికి,

కళ్ళజోడాయన ఎవరో నాకు తెలియదు. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను ఒక సామాను కొనబోతూ దాని పుల్ల ఏ వైపు ఉంటుందని అడిగాను, అంతే. దానికి నువ్వు బోనెక్కి కూర్చున్నావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వ్యవహారం. కొంచెం ఆగు. నేను చెప్పేది వరసగా విను.

పార్సెలు నిన్న వచ్చింది. అలగాలని ఉన్నా, వచ్చిన సామాను ఎలా పనిచేస్తుందో చూడకుండా ఉండలేను. వెనక గదిలో నేల మీద పెట్టి కుడి పుల్ల తోశాను. రెక్క కూడా కదల్లేదు. చచ్చు సరుకు పంపాడు అనుకున్నాను. ముందుకైనా పోతుందేమోనని ఎడమ పుల్ల తోశాను. అంతే, తారాజువ్వలా లేచి పైకప్పుకి కొట్టుకుని, తీగచుట్ట మీద పడింది. కోడలు బల్ల కిందికి దూరింది. రెక్క విరగలేదు, ఆ మాట మాత్రం నిజమే చెప్పావు.

అప్పుడు కుడి పుల్ల మీద మళ్ళీ వేలు పెట్టాను. తోసి వదిలాను. తిరిగొచ్చింది. మళ్ళీ తోశాను. నా వేలిని వెనక్కి తోసింది. ఆ తోపు నేను మరిచిపోలేదు. తొమ్మిదేళ్ళు బొటనవేలిలో దాచుకున్నాను దాన్ని. ఆ రోజు మైదానంలో తోసింది ఇదే.

వెనక మరలు నాలుగూ విప్పాను. నీ మేనల్లుడు చూస్తే ఏమంటాడోనని తలుపు వేసుకుని విప్పాను, నా ఇంట్లో నేను! లోపల ఒక పుల్లకి స్ప్రింగు ఉంది, రెండోదానికి లేదు. కానీ లేనిదానికి కూడా స్ప్రింగు తగిలించే కొక్కెం ఉంది. ఖాళీగా ఉంది. పక్కనే రెండు తీగల చివర్లు, అటువి ఇటు మార్చుకునేలా. నాకు చదువు లేదు కానీ ఖాళీ కొక్కెం ఊరికే పెట్టరని తెలుసు. ఎవరి చేతివాటాన్నిబట్టి వాళ్ళు మార్చుకోవచ్చు. మన రిమోటు కూడా అలాగే ఉండి ఉండాలి.

నేను అడిగేది ఒక్కటే. తిట్టను. ఆ రోజు మన రిమోటులో స్ప్రింగు ఏ వైపు ఉంది?

వడ్రంగి కొలతలు తీసుకుని వెళ్ళాడు.

అక్క. వేలిముద్ర నొక్కి వేశాను.


జూన్ 29

అక్కా,

కుడివైపు ఉంది.

ముందు రోజు సాయంత్రం నేనే మార్చాను. మైదానంలో అందరూ ఎడమచేత్తోనే లేపేవాళ్ళు. ఒకరి రిమోటు ఇంకొకరు పట్టుకోవాలంటే నాది ఒక్కటే అడ్డం. కళ్ళజోడాయన ఎలా మార్చాలో చూపించాడు. నీకు చెప్పాలనుకున్నాను. పొద్దున మైదానానికి వచ్చాక, కొత్త చేత్తో ఎగరేస్తున్నానని మురిసిపోతూ మరిచిపోయాను. కంట్లో దుమ్ము పడితే, ఎప్పటిలాగే నీ చేతిలో పెట్టేశాను. నువ్వు లేపాలని ఎంత తోస్తే అది అంత ముక్కు దించింది. నీటి తొట్టి గోడకి తగిలేదాకా నువ్వు తోస్తూనే ఉన్నావు. నీ చేయి సరిగ్గానే చేసింది. తప్పు సామాను దానికి ఇచ్చాను, అంతే.

ముక్కలు ఏరుతుండగానే నాకు తెలిసిపోయింది. అప్పటికే బావ ఆ మాట అనేశాడు. నేను నోరు తెరిచేలోపు చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో పాపం అంటున్నారు. ఇంటికి వెళ్ళాక చెబుదాం అనుకున్నాను. ఇంటికి వెళ్ళేసరికి మేనల్లుడు బల్ల మీది తీగలు సర్దేస్తున్నాడు. మర్నాడు చెబుదాం అనుకున్నాను. ఆ మర్నాడు ఇవాళ వచ్చింది. రెండంతస్తులది కొనమని అన్నది కూడా నీ కోసం కాదు, నా కోసం. నువ్వు ఒంటి రెక్కలది నిలబెడితే నేనేమైపోవాలి?

పెద్ద కవరు పంపుతున్నాను. అందులో మేనల్లుడి పేర ఉత్తరం ఉంది. పైన రాసినదంతా దాంట్లో కూడా ఉంది, ఒక్క మాట తగ్గించలేదు. వాడికి ఇవ్వు. దాంతోపాటు డబ్బాలో నా సొంత చిన్న హెలికాప్టరు. ఒంటి రెక్కలది. రెండేళ్ళ కిందట కొనుక్కున్నాను, ఎవరికీ చెప్పలేదు, నీకు అసలే చెప్పలేదు. రెక్కలు నాలుగు జతలు, బ్యాటరీలు మూడు ఉన్నాయి. ఒక్కోటి అయిదు నిమిషాలు వస్తుంది. తర్వాత చల్లారనిచ్చి చార్జి పెట్టు. రిమోటు విప్పి స్ప్రింగు మార్చాను. సూది మొన కనబడదన్నాను కదా, వేలితో తడుముకుంటూ మార్చాను. రెండు గంటలు పట్టింది. నిలిచే పుల్ల కుడివైపే ఉంది. గుర్తుకి దారం కట్టాను.

కూలిన హెలికాప్టరు మోటారు కూడా డబ్బాలో పెట్టాను. గోడకి తగిలి రెక్కలు బిగుసుకున్నప్పుడు కాలిపోయింది. ఎందుకో పడేయలేకపోయాను.

తమ్ముడు


జూలై 12

తమ్ముడికి,

డబ్బా రెండో తారీఖున వచ్చింది. ఉత్తరం కోడలు చదివింది. ఇంకోసారి చదవమన్నాను. రెండోసారి సగంలో ఆ పిల్ల ఆగిపోయింది, నేను వదలకుండా చివరిదాకా చదివించాను. నీకు రాయించాలని మూడుసార్లు కూర్చున్నాను. తిట్టనని మాట ఇచ్చాను కాబట్టి మూడుసార్లూ లేచిపోయాను.

ఒక్క సంగతి మాత్రం నీకు తెలియాలి. బల్ల పోయిందని కాదు నా బాధ. ఈ తొమ్మిదేళ్ళూ గ్లాసు పట్టుకున్నప్పుడల్లా లోపలి నీళ్ళు చూసుకునేదాన్ని, కదులుతున్నాయా అని. ఎదురుగా ఎవరైనా ఉంటే గ్లాసు కింద పెట్టేసి, వాళ్ళు వెళ్ళాక తాగేదాన్ని. అందరితో కాదని వాదిస్తూ, లోపల మాత్రం నేనూ నమ్మాను. నా చేతి మీద నాకున్న ధీమా, నువ్వు నా దగ్గర తీసుకున్నది అది.

ఇక జరిగింది విను. మూడో తారీఖున పొద్దున మొదలుపెట్టాను. మొదటి బ్యాటరీకి ఆరుసార్లు పడింది. రెండో బ్యాటరీకి రెండుసార్లు. రెండు జతల రెక్కలు పోయాయి. దారం కట్టిన పుల్ల మీద వేలు పెట్టగానే అది ఎక్కడికక్కడ నిలిచింది, పాత చుట్టం పలకరించినట్టు. సాయంత్రానికి వేళ్ళకి అన్నీ గుర్తొచ్చేశాయి.

నాలుగో తారీఖున నీ మేనల్లుడు బల్ల మీది డబ్బాలు దించడానికి వెనక గదిలోకి వచ్చాడు. నేను మూల కుర్చీలో కూర్చుని హెలికాప్టరుని ఆ బల్ల మీదికి, సరిగ్గా బెత్తెడు ఎత్తుకి తెచ్చి ఆపాను. వాడు అడుగు వేయలేదు. కింద ఉన్న బిల్లుల కాగితాలు రెపరెపలాడుతున్నాయి, అది మాత్రం కదల్లేదు. బ్యాటరీ అయ్యేదాకా అలాగే ఉంచి, అది వాడి చేతికి అందేంత దగ్గరగా దించాను.

"ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?" అన్నాడు.

"మరిచిపోతే కదరా నేర్చుకోవడానికి!" అన్నాను.

వాడు దగ్గరికి వచ్చి నా చేతులు రెండూ పట్టుకుని కాసేపు చూశాడు. మర్నాడు వడ్రంగి వస్తే అలమరా ఎదుటి గోడకి పెట్టించాడు. అక్కడ పెడితే కిటికీ సగం మూసుకుపోతుందని వడ్రంగి గొణిగాడు. "మూసుకోనీ" అన్నాడు వీడు.

నీ ఉత్తరం వాడికి ఇవ్వలేదు. కోడలు ఇమ్మంది. నేనే వద్దన్నాను. నా చేతికి సాక్ష్యం నా చేయే చెప్పింది, నీ అవసరం రాలేదు. వాడి దృష్టిలో మామయ్య ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు. కవరు విరిగిన రెక్కల డబ్బాలో ఉంది. నువ్వు వచ్చి నోటితో చెప్పుకుంటావో, డబ్బాలోనే ఉండనిస్తావో నీ ఇష్టం. నేను ఇంకో తొమ్మిదేళ్ళు ఆగుతానని మాత్రం అనుకోకు.

వస్తే ఒంటి రెక్కలది నీ చేతికి ఇస్తాను. ఎడమ అలవాటు మానుకుని రా.

దీంతోపాటు చిన్న పొట్లం పంపుతున్నాను, జాగ్రత్తగా విప్పు. మన పాత మోటారు. కాలిన తీగంతా తీసేసి, కొత్త తీగ చుట్టాను, నా బల్ల మీద కూర్చుని. లోపల తీగ చుట్టే ఇనుప పళ్ళు తొమ్మిది, పంటికి పన్నెండు చుట్లు. చూపు ఆనకపోతే వేలితో తడుముకుని లెక్కపెట్టు. వాటిల్లో ఒక్క చుట్టు వరస తప్పి ఉన్నా సరే, అప్పుడు నువ్వే అందరికీ చెప్పు, అక్క చేయి వణికిందని.

నీ అక్క. వేలిముద్ర కింద ఉంది.